ఎవరికి అర్థమైందో పీరియడ్ ముగిసేలోపే తెలుసుకోవడం ఎలా: టీచర్లకు సమగ్ర మార్గదర్శి

"అర్థమైందా?" అని టీచర్ అడిగితే "అర్థమైంది" అని క్లాసంతా ఒకే గొంతుతో అంటుంది. నిజంగా అర్థమైనవాళ్లూ అంటారు, అర్థమైందని అనుకుంటున్నవాళ్లూ అంటారు, కాలేదని చెబితే అందరూ తమవైపు తిరిగి చూస్తారని భయపడేవాళ్లూ అంటారు. అసలు సంగతి నెల తర్వాత పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు బయటపడుతుంది. అప్పటికే ఆ పాఠం మీద ఇంకో రెండు పాఠాలు నడిచిపోయి ఉంటాయి.

అందుకని ఆ ప్రశ్న మానేసి, ప్రతి ఒక్కరి ఆలోచనా అదే పీరియడ్‌లో బయటికి వచ్చేలా చేయాలి. అందుకు ఏం సిద్ధం చేసుకోవాలో, ఏ వరుసలో చేయాలో, ఎక్కడ బెడిసికొడుతుందో కింద ఉంది. లెక్క కోసం 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్ అనుకుందాం. మీ క్లాసుకు తగ్గట్టు అంకెలు మార్చుకోండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- ఒకవైపు వాడేసిన కాగితాల్ని నాలుగు ముక్కలు చేసిన స్లిప్పులు, రోజుకు 40
- ఒక్కో పిల్లవాడి, పిల్ల పేరు రాసిన 40 చీటీలు, అవి వేసుకోవడానికి ఒక డబ్బా
- మీ కోసం ఒక చిన్న నోట్‌బుక్
- సెకన్ల ముల్లున్న గడియారం

పీరియడ్ పంపకం ఇలా: పాతది గుర్తుచేసుకోవడానికి 5 నిమిషాలు, కొత్త విషయానికి 15, పరీక్షించే ప్రశ్నకూ దాని మీద చర్చకూ 7, అభ్యాసానికి 13, చివరి స్లిప్పుకు 5.

1. ముందురోజే ఒక్క ప్రశ్న తయారు చేసుకోండి

మొత్తం పనిలో ఎక్కువ శ్రద్ధ అడిగేది ఇదే. పాఠం మధ్యలో అప్పటికప్పుడు తట్టిన ప్రశ్నకు సరైన జవాబు వచ్చినా, దాని వెనక ఉన్న ఆలోచన సరైనదో కాదో తెలియదు. ముందు పిల్లలు చేసే తప్పుల్ని రాసుకుని, వాటి నుంచి ప్రశ్న తయారు చేయాలి.

దశాంశాలు చూడండి. "0.4, 0.62, 0.385 వీటిలో ఏది అన్నిటికంటే పెద్దది?" అని అడిగారనుకోండి.

- 0.385 అన్నవాళ్లు చుక్క తర్వాతి అంకెల్ని మామూలు సంఖ్యగా, మూడు వందల ఎనభై అయిదుగా చూస్తున్నారు. వాళ్ల దృష్టిలో అంకెలు ఎక్కువుంటే సంఖ్య పెద్దది.
- 0.4 అన్నవాళ్లకు పదో వంతు కంటే వెయ్యో వంతు చిన్నదని తెలుసు. దాన్ని పట్టుకుని, అంకెలు తక్కువున్నదే పెద్దదని తేల్చేశారు.
- 0.62 అన్నవాళ్లు స్థానవిలువ చూస్తున్నారు.

ఇదే ప్రశ్నను 0.6, 0.45, 0.385 అనే సంఖ్యలతో అడిగి ఉంటే? రెండో గుంపు కూడా 0.6 అనే చెప్పేది. జవాబు కరెక్టు, ఆలోచన తప్పు, మీకు మాత్రం ఏమీ తెలిసేది కాదు. కాబట్టి ప్రశ్న రాసుకున్నాక ఒకసారి పరీక్షించండి: తప్పుగా ఆలోచించినా సరైన జవాబు వచ్చేస్తుందా? వస్తే సంఖ్యలు మార్చండి.

తీసివేతల్లోనూ అంతే. 57 − 22 ఇస్తే అందరూ 35 అంటారు. 52 − 27 ఇస్తే కొందరు 25 అంటారు, కొందరు మళ్లీ 35 అంటారు. 35 అన్నవాళ్లు ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశారు. వాళ్లకు అప్పు తెచ్చుకోవడం రాలేదన్నది పైకి కనిపించే సంగతి. ఒక పది అంటే పది ఒకట్లు అన్న సంగతే వాళ్లకు ఇంకా పట్టుబడలేదు.

సైన్సులో: ఒక బ్యాటరీ, ఒక బల్బు ఉన్న వలయం గీసి, బల్బుకు ముందు తీగలో ఉన్న కరెంటుతో పోలిస్తే బల్బు దాటాక ఉన్న కరెంటు తక్కువా, సమానమా, ఎక్కువా అని అడగండి. పాఠం అప్పజెప్పగలిగినవాళ్లలో కూడా చాలామంది "తక్కువ" అంటారు. బల్బు కొంత కరెంటును వాడేసుకుంటుందని వాళ్ల ఊహ. రెండుచోట్లా సమానమే, బల్బులో మారేది శక్తి రూపం.

సాంఘికశాస్త్రం, భాష లాంటి వాటిలో ఆప్షన్లు పెట్టడం కష్టం. అక్కడ సగం వాక్యం ఇచ్చి మూడు రకాలుగా పూర్తి చేయించండి: "నదుల ఒడ్డున ఊళ్లు వెలిశాయి, ఎందుకంటే…", "నదుల ఒడ్డున ఊళ్లు వెలిశాయి, కానీ…", "నదుల ఒడ్డున ఊళ్లు వెలిశాయి, కాబట్టి…". మొదటిది బట్టీ పట్టి కూడా రాయొచ్చు. "కానీ" దగ్గర మాత్రం వరదల సంగతో మరొకటో సొంతంగా ఆలోచించక తప్పదు.

తప్పు జవాబుల కోసం బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. పాత జవాబు పత్రాల్లో అవి బోలెడన్ని ఉంటాయి. ప్రతి ప్రశ్ననూ, దానికి వచ్చిన తప్పులనూ నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే వచ్చే ఏడాది ఈ పని సగానికి తగ్గిపోతుంది.

2. మొదటి 5 నిమిషాలు: పుస్తకాలు మూసి, మూడు ప్రశ్నలు

క్లాసులోకి వెళ్లగానే బోర్డు మీద మూడు ప్రశ్నలు రాయండి. ఒకటి నిన్నటి పాఠంలోంచి, ఒకటి గతవారానిది, మూడోది ఈరోజు కొత్త విషయానికి తప్పనిసరిగా కావాల్సిన పాతది. ఈరోజు భిన్నాల కూడిక అయితే మూడోది ½ కు సమానమైన భిన్నాలు రెండు రాయమనడం.

పిల్లలు నోట్‌బుక్ తెరవకుండా రాయాలి. చూసి రాస్తే ఈ 5 నిమిషాలూ వృథా. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో, ఒక పాఠ్యభాగాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు 5 నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లే ముందున్నారు. చదువుతున్నప్పుడు అంతా వచ్చేసినట్టే అనిపిస్తుంది, అందుకే పిల్లలు అదే దారి పడతారు.

జవాబులు బోర్డు మీద రాసేయండి, ఎవరిది వాళ్లే దిద్దుకుంటారు. మార్కులు వద్దు. వరుసల మధ్య నడుస్తూ మూడో ప్రశ్న జవాబులు మాత్రం మీరు చూడండి. దాన్ని పదిమందికి పైగా తప్పు రాస్తే కొత్త విషయం మొదలుపెట్టే ముందు అదే చెప్పాలి. లేకపోతే తర్వాతి 15 నిమిషాలు మీరు చెప్పేదేదీ వాళ్లకు అందదు.

3. నోటితో అడిగేటప్పుడు: ప్రశ్న, మౌనం, పేరు

వరుస ముఖ్యం. ముందు పేరు పిలిచి తర్వాత ప్రశ్న అడిగితే మిగతా 39 మంది ఆలోచించడం మానేస్తారు. ముందు ప్రశ్న అడగండి, ఆగండి, ఆ తర్వాతే డబ్బాలోంచి చీటీ తీసి పేరు చదవండి. చేతులెత్తినవాళ్లనే పిలుస్తూ పోతే ప్రతిరోజూ అదే అయిదారుగురు క్లాసు నడిపిస్తారు, పాఠం బాగా సాగుతోందని మీకు అనిపిస్తూ ఉంటుంది.

ఆగడం అంటే ఎంతసేపు? 1970లలో మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు క్లాసుల టేపు రికార్డింగులు విని చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని 3 సెకన్లకు పెంచితే జవాబుల నిడివి పెరిగింది, ఏమీ చెప్పలేకపోవడం తగ్గింది, అంతకుముందు నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. మూడు సెకన్లు చిన్నవే అనిపిస్తాయి గానీ క్లాసు ముందు నిలబడితే చాలా పొడుగ్గా ఉంటాయి. గడియారం చూసుకోండి.

జవాబు వచ్చాక కూడా వెంటనే "కరెక్ట్" అనకుండా మళ్లీ 3 సెకన్లు ఆగండి. చెప్పిన పిల్లే తన మాటను పొడిగిస్తుంది, లేదా సరిదిద్దుకుంటుంది.

"తెలీదు సార్", "తెలీదు మేడమ్" అంటే ఏం చేయాలి? కోప్పడొద్దు, అలా అని వదిలేయొద్దు. "సరే, మళ్లీ నీ దగ్గరికే వస్తాను" అని చెప్పి ఇంకో ఇద్దరిని అడగండి. జవాబు బయటికి వచ్చాక తిరిగి ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్లి, తన మాటల్లో చెప్పమనండి. ఆ మాట తప్పకుండా నిలబెట్టుకోవాలి. "తెలీదు" అనేస్తే గండం గడిచిపోతుందన్న అలవాటు కొద్ది రోజుల్లోనే పోతుంది.

4. అందరి జవాబూ ఒక్కసారే చూడండి

కొత్త విషయం చెప్పడం అయ్యాక, ముందురోజు తయారు చేసుకున్న ప్రశ్న బోర్డు మీద రాయండి. ఆప్షన్లకు 1, 2, 3 అని నంబర్లు వేయండి.

క్రమం ఇది:

- ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఆలోచించి, జవాబు నంబరు రఫ్ బుక్‌లో రాసుకోవాలి.
- మీరు "చూపించండి" అనగానే అందరూ ఒకేసారి, చెయ్యి ఛాతీకి ఆనించి, వేళ్లతో నంబరు చూపాలి. చెయ్యి పైకెత్తితే వెనకవాళ్లు ముందువాళ్ల వేళ్లు చూసి మార్చేసుకుంటారు.
- మీరు ఎడమ వరుస నుంచి కుడి వరుస దాకా చూసి, సరైన జవాబులు ఎన్నో లెక్కపెట్టుకోవాలి. మీ ముఖంలో ఏమీ కనిపించకూడదు. పిల్లలు టీచరు ముఖం చదవడంలో ఆరితేరి ఉంటారు.

తర్వాత ఏం చేయాలన్నది లెక్కను బట్టి. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల నుంచి తన క్లాసుల్లో పాటించిన పద్ధతి బడి క్లాసుకూ సరిపోతుంది.

సరైన జవాబు 30 శాతం లోపు, అంటే 12 మందికి తక్కువగా వస్తే చర్చ పెట్టొద్దు. తెలియనివాళ్లు తెలియనివాళ్లకు చెప్పుకుని తప్పునే గట్టి చేసుకుంటారు. మీరే మళ్లీ, వేరే రకంగా చెప్పాలి.

12 నుంచి 28 మంది మధ్య ఉంటే జతలుగా మాట్లాడుకోనివ్వండి. వేరే జవాబు చూపినవాళ్లతో మాట్లాడాలన్నది నియమం. 2 నిమిషాలయ్యాక మళ్లీ వేళ్లు చూపించమనండి. ఎవరెవరు జవాబు మార్చారో వాళ్లలో ఇద్దరిని, ఏ మాట విని మార్చుకున్నారో అడగండి. పాఠం మొత్తంలో చెవిపెట్టి వినాల్సిన ఘట్టం ఇదే. మీకు తట్టని వివరణ ఒక్కోసారి పక్క బెంచీ నుంచి వస్తుంది.

28 దాటితే ఒకటి రెండు వాక్యాల్లో వివరించి అభ్యాసానికి వెళ్లిపోండి. తప్పు చూపినవాళ్ల పేర్లు నోట్‌బుక్‌లో రాసుకుని, అభ్యాసం మొదలవగానే ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి.

5. మళ్లీ చెప్పడమంటే గట్టిగా చెప్పడం కాదు

అర్థం కాని మాటల్నే నెమ్మదిగా, పెద్ద గొంతుతో తిరగ చెప్పడం మామూలుగా జరిగేది. రూపం మారాలి. మాటల్లో చెప్పింది బొమ్మలోకి, సూత్రంగా చెప్పింది వస్తువుల్లోకి రావాలి.

దశాంశాల విషయానికే వద్దాం. చాలామంది 0.400, 0.620, 0.385 అని వెనక సున్నాలు పెట్టించేసి పోల్చమంటారు. జవాబు వచ్చేస్తుంది, కానీ చుక్క తర్వాతి అంకెల్ని మామూలు సంఖ్యగా చూసే అలవాటు అలాగే ఉండిపోతుంది, పైగా బలపడుతుంది కూడా. దానికి బదులు 10 అడ్డం, 10 నిలువు గళ్లతో ఒక చదరం గీయించండి. మొత్తం చదరం 1 అని, ఒక నిలువు వరుస పదో వంతని, ఒక గడి వందో వంతని చెప్పండి. 0.4 కు నాలుగు వరుసలు, అంటే 40 గళ్లు రంగు వేస్తారు. 0.62 కు 62 గళ్లు. 0.385 కు 38 గళ్లు వేశాక ఇంకో గడిలో సగం. ఏది పెద్దదో కంటికే కనిపిస్తుంది, రెండు రకాల తప్పుకూ ఒకే బొమ్మ పనికొస్తుంది. సున్నాలు పెట్టడం ఆ తర్వాత చెప్పండి.

చదివేటప్పుడు "సున్నా పాయింట్ మూడు ఎనిమిది అయిదు" అని విడివిడిగా చదవండి. "పాయింట్ మూడు వందల ఎనభై అయిదు" అని టీచరే చదివితే తప్పును మనమే నేర్పినట్టు.

బొమ్మ వేశాక కొత్త సంఖ్యలతో మరో ప్రశ్న అడగాలి: 0.7, 0.81, 0.649. అదే ప్రశ్న మళ్లీ అడిగితే పిల్లలు జవాబు గుర్తుపెట్టుకుని చెబుతారు.

6. చివరి 5 నిమిషాలు: స్లిప్పు

ప్రతి ఒక్కరికీ ఒక స్లిప్పు, బోర్డు మీద ఒకే ప్రశ్న. 3 నిమిషాల్లో రాసి, క్లాసు వదిలేటప్పుడు మీ చేతికి ఇచ్చి వెళ్లాలి. పేరు రాయాలి గానీ మార్కులుండవని ముందే చెప్పండి. ప్రశ్నలో "ఎలా వచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి" అన్నది తప్పకుండా ఉండాలి, జవాబు ఒక్కటే ఉంటే పక్కవాళ్లది చూసి రాయడం చాలా తేలిక.

స్లిప్పుల్ని దిద్దొద్దు. మూడు కట్టలుగా విడదీయండి: వచ్చినవాళ్లు, చిన్న పొరపాటు చేసినవాళ్లు, అసలు ఆలోచనే తప్పినవాళ్లు. అలవాటైతే 40 స్లిప్పులకు 10 నిమిషాల్లోపే పడుతుంది. మూడో కట్టలోని పేర్లు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి, ఆ కట్టలో ఎక్కువమంది చేసిన తప్పే రేపటి మొదటి ప్రశ్న అవుతుంది.

7. మూడో కట్టలో మళ్లీ మళ్లీ వచ్చే పేర్లు

వారం రోజుల్లో మూడుసార్లు ఒకే పేరు ఆ కట్టలో కనిపిస్తే ముందు ఇవి చూడండి:

- బోర్డు కనిపిస్తోందా? కళ్లు చిట్లించి చూస్తున్నా, పక్కవాళ్ల నోట్సు చూసి రాసుకుంటున్నా, వారం పాటు ముందు బెంచీలో కూర్చోబెట్టి తేడా గమనించండి. తేడా ఉంటే కంటి పరీక్ష చేయించమని ఇంట్లోవాళ్లకు చెప్పండి.
- వినిపిస్తోందా? వెనక నుంచి పేరు పిలిచి చూడండి.
- ప్రశ్న చదవగలుగుతున్నారా? మీరే చదివి వినిపిస్తే సరైన జవాబు చెబుతున్నారంటే సమస్య లెక్కల్లోనో సైన్సులోనో కాదు, చదవడంలో ఉంది.
- ఏ ఏడాది పాఠం దగ్గర ఆగిపోయారు? కింది తరగతుల నుంచి రెండేసి ప్రశ్నలిస్తూ వెళ్తే ఆ చోటు దొరుకుతుంది.

వీళ్లను నలుగురు నుంచి ఆరుగురున్న గుంపుగా చేసి, వారానికి మూడుసార్లు, 15 నిమిషాల చొప్పున కూర్చోబెట్టండి. ఒక గుంపుకు ఒకే లక్ష్యం ఉండాలి, "రెండంకెల తీసివేత" అన్నంత చిన్నది. అది వచ్చిన పిల్లను వెంటనే గుంపు నుంచి పంపేయండి. లేకపోతే అది "మొద్దుల గుంపు"గా ముద్ర పడిపోతుంది, ఆ ముద్ర తప్పుల కంటే ఎక్కువ నష్టం చేస్తుంది. ఆటల పీరియడ్ మాత్రం తీసేసుకోవద్దు.

వీలైతే వీళ్లకు పాఠం తర్వాత కాకుండా పాఠానికి ముందురోజు చెప్పండి. రేపు రాబోయే కొత్త మాటలు రెండు మూడు, ఒక బొమ్మ, ఒక ఉదాహరణ చాలు. మర్నాడు క్లాసులో ఎప్పుడూ లేనిది వాళ్లు చెయ్యెత్తుతారు.

8. నోట్‌బుక్ దిద్దేటప్పుడు

రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో ప్రచురించిన ప్రయోగంలో, పిల్లల పని మీద కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. మార్కు పక్కన ఎంత మంచి వ్యాఖ్య రాసినా పిల్లల కళ్లు మార్కు దగ్గరే ఆగిపోతాయి.

వ్యాఖ్య అంటే "బాగుంది", "ఇంకా శ్రద్ధ పెట్టాలి" కాదు. పిల్లలు వెంటనే చేయగలిగిన పని రాయండి: "ఈ అయిదు లెక్కల్లో రెండు తప్పు. ఏవో కనిపెట్టి సరిచేయి." "రెండో పేరాలో కారణం చెప్పావు, ఉదాహరణ ఒకటి కలుపు." దిద్దిన నోట్‌బుక్ ఇచ్చిన రోజు ఆ పని చేయడానికి క్లాసులోనే 8 నిమిషాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే రాసిన ఎర్ర ఇంకంతా దండగ.

9. పిల్లలకు నేర్పాల్సిన ఒక అలవాటు

"నాకేమీ అర్థం కాలేదు" అన్న మాటకు టీచర్ ఏం జవాబు చెప్పాలో తెలియదు. దాన్ని ఇలా మార్చి చెప్పడం నేర్పండి: "మూడో లైను దాకా వచ్చింది. నాలుగో లైనులో 12 ఎలా వచ్చిందో తెలియడం లేదు." ఈ నమూనా వాక్యాన్ని చార్టు మీద రాసి గోడకు అతికించండి. అలా అడిగినవాళ్లను ఆ ప్రశ్నకు మెచ్చుకోండి, దాంతో రెండో చెయ్యి లేస్తుంది.

10. ఎక్కడ బెడిసికొడుతుంది, ఏం చేయాలి

పిల్లలు వేళ్లు చూపడానికి సిగ్గుపడుతున్నారు: మొదటి వారం చదువుతో సంబంధం లేని తేలిక ప్రశ్నలతో అలవాటు చేయండి. తప్పు చూపినవాళ్లను పేరుపెట్టి నిలదీస్తే మర్నాటి నుంచి అందరూ మొదటి బెంచీ వైపే చూస్తారు.

చర్చ పెడితే గోల అవుతోంది: సమయం ఎక్కువిచ్చి ఉంటారు. 2 నిమిషాలు దాటనివ్వద్దు, బోర్డు మీద ముగిసే సమయం రాయండి.

తెలిసినవాళ్లు ముందే ముగించి కూర్చుంటున్నారు: మరో పది అవే లెక్కలు ఇవ్వొద్దు. "0.4 అన్నవాళ్లు ఏమనుకుని ఉంటారో రాయి", "ఇలాంటి ప్రశ్న నువ్వే తయారు చేయి" అనండి. వాళ్లు రాసిన వాటిలోంచి మీకు వచ్చే ఏడాదికి ప్రశ్నలు దొరుకుతాయి.

సిలబస్ పూర్తి కాదన్న భయం: నిజమైన ఇబ్బందే. కొత్తది చెప్పే 15 నిమిషాల్లో ఏం తీసేయొచ్చో చూడండి. బోర్డు మీద రాసి కాపీ చేయించే నోట్సు చాలా సమయం తింటుంది, పాఠ్యపుస్తకంలో ఉన్నదాన్ని మళ్లీ రాయించొద్దు. రోజూ ఆరు పీరియడ్లలోనూ ఇదంతా పెట్టుకోవద్దు. ముందు ఒకే తరగతి, ఒకే సబ్జెక్టు తీసుకుని చివరి స్లిప్పు ఒక్కటి మొదలుపెట్టండి. రెండు వారాలయ్యాక వేళ్ల ప్రశ్న కలపండి. మొదటి 5 నిమిషాల ప్రశ్నలు ఆ తర్వాత.